నిదానం బండికి పరుగు వైద్యం

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండనే ఉంది. దాన్ని బండి కాగితాల్లో భద్రపరిచారే తప్ప ఎవరూ బయటికి తీసి వాడలేదు. పనిచేసే చోట, డీజిలు బంకులో, టీ కొట్టు దగ్గర, అత్తవారింట్లో, ఆయన ఎదుట లేనప్పుడు భార్య నోట కూడా ఆయన పేరు నిదానం. మర్యాద తెలిసినవాళ్ళు చివర ‘గారు’ చేర్చేవారు. ఆయన నొచ్చుకోలేదు. లోకంలో చాలామంది తమలో లేని గుణాన్ని పేరుగా పెట్టుకుని బతికేస్తుంటారు. తనది కనీసం నిజం పేరు.

తొలి రోజుల్లో ఆయన అద్దాల దుకాణానికి బండి నడిపాడు. ఆయన చేతిలో ఒక్క అద్దమూ పగల్లేదు, ఒక్క అద్దమూ చెప్పిన రోజుకు చేరలేదు. తర్వాత బడి వ్యాను. పిల్లలు క్షేమంగా చేరేవారు. కాకపోతే రెండో పీరియడుకు చేరేవారు. పిల్లలకు ఆయనంటే ప్రాణం. తల్లిదండ్రులకు చదువంటే ప్రాణం కాబట్టి ఆ ఉద్యోగం ఎక్కువ కాలం సాగలేదు. సైకిళ్ళమీద వెళ్ళేవాళ్ళు “ఏం బాబాయ్, ఒంట్లో బాగుందా?” అని పలకరించి, జవాబు ఆసాంతం విని, అప్పుడు దాటిపోయేవారని ఊళ్ళో ఒక హాస్యం ఉండేది. అందులో హాస్యం ఏమీ లేదని సైకిళ్ళవాళ్ళకు తెలుసు.

అలాంటి మనిషికి తగిన పని ఈ భూమ్మీద ఒకటే ఉంది. ఆశ్చర్యమేమంటే అది ఆయనకు దొరికింది.

ఊరి చివర కోడిగుడ్లు పొదిగించే హేచరీ ఉంది. అక్కడ పెట్టలకు పనిలేదు. ఆ బాధ్యత యంత్రాలు చూసుకుంటాయి. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లల్ని ఆ రోజే చిల్లుల పెట్టెల్లో సర్ది ఫారాలకు పంపాలి. పుట్టిన రోజున కోడిపిల్లకు తిండి అక్కర్లేదు, నీళ్ళు అక్కర్లేదు, కావలసిందల్లా గాలి. బండి కదులుతున్నంతసేపూ వెనక గూటిలోకి గాలి ఆడుతుంది. బండి ఆగితే గాలి ఆగుతుంది. గాలి ఆగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి హేచరీకి కావలసిన డ్రైవరు ఎక్కడా ఆగనివాడు. వాళ్ళకు దొరికినవాడు ఎక్కడా తొందరపడనివాడు. రెండూ ఒకటేనని ఇరుపక్షాలవారూ చాలాకాలం నమ్మారు.

ఈ విషయంలో నిదానానికి సొంత సిద్ధాంతం ఒకటి ఉండేది. బండి నలభైలో పోతే కోడిపిల్ల పెట్టెలో నిలబడుతుంది. యాభైలో కూర్చుంటుంది. అరవై దాటితే పక్కదానిమీద పడుతుంది. పడితే వెంట్రుకలాంటి ఆ కాలు మెలితిరుగుతుంది, ఇక అది జన్మలో సరిగ్గా నడవదు. ఈ శాస్త్రాన్ని ఆయన ఎక్కడా చదవలేదు. ఎవరూ పరీక్షించలేదు కూడా, అందుచేత అది ఇంతవరకు తప్పని రుజువు కాలేదు.

ఆయన భార్యది అదే హేచరీలో ప్యాకింగు గదిలో పని. బెల్టుమీద వచ్చే పిల్లల్ని చూసి, ఈకలు అంటుకుపోయినవాటిని, కళ్ళు తెరవనివాటిని పక్కకు తీసి, మిగతావాటిని పెట్టెల్లో నింపే పని. ఆవిడ నింపిన పెట్టెల్ని ఆయన మోసుకెళ్ళేవాడు. దంపతులిద్దరికీ ఇంటి దగ్గర మాట్లాడుకోవడానికి వేరే విషయం ఉండేది కాదు. ఉన్నా, టీవీ చప్పుడులో వినిపించేది కాదు.

పాత బండి తుప్పుపట్టి సగౌరవంగా పదవీ విరమణ చేశాక ఆయన కొత్త డీజిలు పికప్ కొన్నాడు. తెల్లటిది, ముఖం నిండా కోరల్లాంటి గ్రిల్లు, లోపల లెక్కలేనన్ని దీపాలు. ఆ దీపాల్లో ఒకదానిమీద ఒక చిన్న పెట్టె బొమ్మ, ఆ పెట్టె నిండా చుక్కలు. అచ్చం కోడిపిల్లల పెట్టెకు గాలి చిల్లులు పెట్టినట్టు. కంపెనీవారు తన వృత్తిని గుర్తించి గౌరవించారని ఆయన మురిసిపోయాడు. ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఆ బొమ్మ చూపించాడు. అదేమిటో వాళ్ళకూ తెలియదు కాబట్టి వాళ్ళూ మెచ్చుకున్నారు.

మొదటి రీకాల్ కబురు ఫోనులో వచ్చింది. ‘గౌరవనీయులైన యజమానిగారికి’ అని మొదలైంది. తాము తయారుచేసిన కొన్ని బండ్లలో సీటు బెల్టు కొక్కెం సరిగా పట్టకపోవచ్చుననీ, యజమాని భద్రతే తమ పరమావధి అనీ, దయచేసి షోరూముకు తెస్తే ఉచితంగా మార్చిస్తామనీ దాని సారాంశం. ఆయన జీవితంలో ఎవరూ ఆయన్ను అంత మర్యాదగా తప్పు ఒప్పుకుంటూ పిలిచినవాళ్ళు లేరు. బండికి తలంటు పోశాడు. తనూ పోసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. కొక్కెం మార్చారు, కాఫీ ఇచ్చారు, ‘మళ్ళీ రండి’ అన్నారు. ఆ మాటలో ఎంత దూరదృష్టి ఉందో అప్పట్లో ఆయనకు తెలియలేదు.

“చూశావా,” అన్నాడు ఆ సాయంత్రం భార్యతో, “మన బండిలో లోపముందని మనకంటే ముందు వాళ్ళే కనిపెట్టి, వాళ్ళే పిలిచి, బాగుచేసి, పైగా కాఫీ ఇచ్చారే! ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?”

“నిజమేలెండి,” అంది ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ. “మా అత్తగారు కూడా మిమ్మల్ని ఇచ్చేటప్పుడు ఒక్క మాట ముందే చెప్పుంటే ఎంత బాగుండేది.”

రెండో రీకాల్ ఇంధనం పంపుది. పంపు లోపల లోహం అరిగి పొడి రాలవచ్చు, రాలితే బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోవచ్చు అని రాశారు. భయపడవలసిన పనిలేదు, బండిని మామూలుగా వాడుకోవచ్చు, అయితే జాగ్రత్తగా వాడుకోవాలి, కొత్త పంపు రాగానే కబురు చేస్తాం అని కూడా రాశారు. నిదానం ఈ వాక్యాన్ని చాలాసార్లు చదివాడు. ఏ క్షణాన ఆగుతుందో తెలియని బండిని జాగ్రత్తగా వాడటమంటే ఏమిటో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఇదివరకు నలభైలో పోయేవాడు. ముప్ఫై అయిదుకు దిగాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. కంపెనీ పంపు ఇస్తానంది. షోరూము స్పేర్లగది ఇవ్వనంది. వెళ్ళిన ప్రతిసారీ, మెడలో నీలం టై వేలాడదీసుకున్న సర్వీసు అడ్వైజరు లేచి నిలబడి నమస్కారం చేసేవాడు. అతన్ని నిదానం మనసులో టైగారు అని పిలుచుకునేవాడు. టైగారు కంప్యూటరు వైపు చూసి “దారిలో ఉంది సార్” అనేవాడు. ఏ దారిలో ఉందో, ఆ దారిలో ఎవరు నడుపుతున్నారో తెలియదు. తనలాంటివాడే ఎవడో తెస్తున్నాడేమోనని నిదానానికి ఒక దశలో అనుమానం కూడా వచ్చింది.

ఆ షోరూములో ఒక నియమం ఉండేది. సరుకు బండి సర్వీసుకు రావాలంటే ఖాళీగా రావాలి, కడిగి రావాలి. కోడిపిల్లల వాసన వస్తే లోపలికి రానివ్వరు. కాబట్టి ప్రతిసారీ ఒక ట్రిప్పు మానుకుని, బండిని కడిగి, తుడిచి, అగరొత్తి ముట్టించి తీసుకెళ్ళేవాడు. అద్దాల గదిలో మెత్తటి సోఫాలో కూర్చోబెట్టేవారు. ఎదురుగా టీవీలో ఆ బండే కొండలెక్కుతూ, నదులు దాటుతూ, బురద ఎగజిమ్ముతూ పరుగెత్తేది. అందులో డ్రైవరు నవ్వుతూ ఉండేవాడు. అతనికి పంపు మార్చి ఉంటారు అనుకునేవాడు నిదానం.

ఎట్టకేలకు పంపు వచ్చింది. మార్చడానికి బండిని వారంపాటు ఉంచుకున్నారు. ఆ వారం హేచరీవాళ్ళు బయటి బండి పెట్టుకున్నారు. మేనేజరమ్మ మొహం అప్పుడే కాస్త మాడింది.

ఈలోగా ఇంకో ముచ్చట మొదలైంది. కోడిపిల్లల పెట్టె బొమ్మ దీపం అప్పుడప్పుడూ పసుపుపచ్చగా వెలగసాగింది. వెలిగినప్పుడు బండి గుండెలో బరువున్నట్టు మూలిగేది, ఎత్తు ఎక్కమంటే మొరాయించేది. షోరూముకు తీసుకెళితే దీపం వెలిగేది కాదు. పంటినొప్పి డాక్టరు గుమ్మం దగ్గర మాయమైనట్టు. మెకానిక్కు ఖాళీ బండిని వీధి చివరిదాకా తోలి, వెనక్కొచ్చి, “బ్రహ్మాండంగా ఉంది” అనేవాడు.

“బరువు వేసుకుని చూడండి బాబూ.”

“బరువుతో లోపలికి రానివ్వరండి.”

“మరి బరువుతోనే కదా వస్తోంది జబ్బు!”

“అది నిజమేననుకోండి,” అనేవాడు మెకానిక్కు, ఎంతో సానుభూతితో.

మూడో రీకాల్ ఈ దీపం గురించే. ఇంజను కంప్యూటరులో ప్రోగ్రాము సరిగా లేదట, కొత్తది ఎక్కిస్తారట. నిదానం ప్రాణం లేచివచ్చింది. మళ్ళీ తలంటు, మళ్ళీ అగరొత్తి, మళ్ళీ సోఫా. ప్రోగ్రాము ఎక్కించారు. అది ఎంత తెలివైనదో మొదటి వారంలోనే తేలింది. ఇదివరకు దీపం వెలిగితే బండి మూలిగేది. ఇప్పుడు దీపం ఎక్కువసేపు వెలిగితే, ఇంజనును కాపాడుకోవడానికి, బండి తనంతట తానే వేగం తగ్గించుకుని నడకకు దిగేది. ఎంత తొక్కినా లాభం లేదు. నిదానాన్ని మించిన నిదానం దొరికింది.

అది జరిగింది కొండదారిలో. పైన ఫారం ఉన్న ఆసామి హేచరీకి అందరికంటే పెద్ద ఖాతా. ఎండలో, నత్తనడకన, గాలి ఆడని గూటితో బండి పైకి చేరేసరికి వెనక వరుస పెట్టెల్లో పిల్లలు కొన్ని మెడలు వాల్చేశాయి. ఆసామి ఒక్కో పెట్టె మూత తీసి చూశాడు. తిట్టలేదు. హేచరీకి ఫోను చేశాడు. తిడితేనే బాగుండునని నిదానం అనుకున్నాడు.

మేనేజరమ్మ ఆయన్ను గదిలోకి పిలిచింది.

“నిదానం గారూ, మీమీద నాకు కోపం లేదు. కానీ ఆయన నన్నే అడుగుతాడు. ఇంకొక్కసారి ఇలా జరిగిందంటే కొండ రూటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తా. అది పోతే మిగతావి కూడా మీకు ఇవ్వడం కష్టం. ఒక్క రూటు కోసం ఇంకో బండి పెట్టుకోను కదా.”

“అర్థమైందమ్మా.”

“బండి బాగుచేయించుకోండి.”

“అదే చేయిస్తున్నానమ్మా. అదే నా ఉద్యోగమైపోయింది.”

ఆవిడ నవ్వలేదు. ఆయనా నవ్వించడానికి అనలేదు. అద్దాల దుకాణం నుంచి, బడి నుంచి బయటపడ్డ మనిషికి, మెల్లగా పోవడాన్ని అర్హతగా చూసే కొలువు ఇదొక్కటే. ఇది పోతే ఇంకోటి వెతుక్కునే వయసు దాటింది, ఓపిక అంతకు ముందే దాటింది.

ఆ మర్నాడు బండిని కడగకుండా, అగరొత్తి లేకుండా, వాసనతో సహా షోరూము గేటు ముందు నిలబెట్టాడు. టైగారు ముక్కు మూసుకోకుండా ఉండటానికి చేసిన ప్రయత్నం మెచ్చుకోదగ్గది.

“ఒక్క మాట అడుగుతా సార్. మీరు బండి ఎంత స్పీడులో నడుపుతారు?”

“నలభై. ఈమధ్య ముప్ఫై అయిదు.”

“హైవేమీద?”

“హైవేమీదే.”

టైగారు కుర్చీలో వెనక్కి వాలాడు. చాలాకాలంగా వెతుకుతున్న దొంగ తన ఇంటి అరుగుమీదే కనిపించినవాడిలా చూశాడు.

“సార్, పొగగొట్టంలో ఒక జల్లెడ ఉంటుంది. పొగలో మసినంతా అది పట్టుకుంటుంది. నిండాక అది తనను తానే కాల్చుకుని శుభ్రం చేసుకోవాలి. కాలాలంటే బాగా వేడెక్కాలి. వేడెక్కాలంటే మీరు తొక్కాలి. డెబ్భై, ఎనభైలో ఓ అరగంట ఆగకుండా పోతే చాలు, దీపం ఆరిపోతుంది.”

“కోడిపిల్లలతోనా?”

“ఎవరితోనైనా సార్.”

“అంటే తప్పు నాదంటారు.”

“తప్పు ఎవరిదీ కాదు సార్. వాడకం తీరు.”

“మరి తప్పు లేనప్పుడు మూడుసార్లు ఎందుకు పిలిచారు?”

“ఆ తప్పులు వేరు సార్.”

“మెల్లగా నడిపితే పాడైపోయే బండిని చేసిపెట్టి, నా వాడకం తీరంటారేంటండీ? రేపు మెల్లగా తింటే పుచ్చిపోయే పళ్ళు కూడా పెడతారా?”

“కంపెనీ దృష్టికి తీసుకెళతాను సార్,” అన్నాడు టైగారు. పాపం, అతను నిజంగానే తీసుకెళ్ళేవాడు. కంపెనీ దృష్టి ఎక్కడుండేదో అతనికీ తెలియదు. బండికి కంప్యూటరు కేబులు తగిలించి ఆ మసి కాల్పించి, బండి అప్పగిస్తూ ఒక ఉపాయం కూడా చెప్పాడు. “వచ్చేటప్పుడు ఖాళీగానే కదా వస్తారు? అప్పుడు తొక్కండి.”

ఉపాయం మంచిదే. దాన్ని అమలు చేయవలసిన కాలు మాత్రం ఒప్పుకోలేదు. ఖాళీ బండితో హైవే ఎక్కి, ఇటూ అటూ చూసి, తప్పు చేయబోతున్నవాడిలా నొక్కాడు. యాభై దాటేసరికి కాలు తనంతట తానే పైకి లేచింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ లేచింది. పైగా ఆయనకో భయం పట్టుకుంది. కాలికి ఒకసారి రుచి మరిగిందంటే అది నిండు బండికీ ఖాళీ బండికీ తేడా చూస్తుందా? అందుకని ఆ ప్రయత్నం విరమించి, ఎప్పటిలాగే సైకిళ్ళవాళ్ళ కుశలప్రశ్నలకు జవాబు చెబుతూ ఇంటికొచ్చాడు. మసి తన పని తాను చేసుకుపోయింది.

ఈ సంగతి విని బావమరిది పడీపడీ నవ్వాడు. భార్యకు తమ్ముడు, ఇటుకలు తోలే పాతకాలపు బండి అతనిది. అందులో కంప్యూటరు లేదు, దీపాలు లేవు, హారను కూడా మూడ్ బాగుంటేనే మోగేది. వెనక నల్లటి పొగ ఒక ఊరేగింపులా వచ్చేది.

“బావా, షోరూమువాళ్ళకి ఫోన్ చెయ్యి. నీ కాలుని కూడా రీకాల్ చేసుకోమను.”

“నవ్వరా, నవ్వు. నీ బండి పొగకి మీ వీధిలో ఉతికిన బట్టలు ఒక్కరివీ తెల్లగా ఉండవు.”

“ఉండకపోతేనేం? పిలిస్తే పలుకుతుంది. నీది మంచం దిగనంటున్న పెళ్ళికూతుర్లా అన్నిటికీ అలుగుతుంది.”

“ఒరేయ్, నోరు మూసుకుని తిను,” అంది అక్క. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. మేనేజరమ్మ అన్న మాట ప్యాకింగు గదిలో అందరికీ తెలిసిపోయింది. మొగుడి బండిలోకి కాకుండా ఎవరి బండిలోకో పెట్టెలు అందించే రోజు వస్తుందేమోనని ఆవిడ దిగులు.

ఆ వారంలోనే ఒకరోజు కొండ ఫారానికి పెద్ద లోడు. పోయిన పిల్లల లెక్క దగ్గర ఆసామితో తకరారు రాకుండా, దించేచోట దగ్గరుండి చూసుకోమని మేనేజరమ్మ ఆవిడనే బండిలో పంపింది. పెళ్ళయ్యాక భార్య ఆయన పక్కన కూర్చుని అంత దూరం ప్రయాణం చేయడం అదే మొదటిసారి. సందర్భం ఆనందించదగ్గదే. ఎండ మాత్రం పొద్దున్నే మాడుస్తోంది. వెనక గూటిలో వేల గొంతులు ఒక్కటై కీచుకీచుమంటున్నాయి. ఆ చప్పుడు ఉన్నంతసేపూ నిదానానికి ధైర్యం.

కొండదారి మలుపు ఇంకాస్త దూరం ఉందనగా పెట్టె బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది.

ఆయన దానివైపు చూసి, రోడ్డువైపు చూసి, మళ్ళీ దానివైపు చూశాడు. ఆవిడా చూసింది.

“ఇదేనా?”

“ఇదే.”

“కొండెక్కితే ఆ రోజులాగే అవుతుందా?”

“సగం కూడా ఎక్కదు.”

ఆవిడ ఫోను తీసి తమ్ముడికి కలిపి స్పీకరు పెట్టింది. అవతల ఇటుకలు దించుతున్న చప్పుడు.

“తమ్ముడూ, కొండ మలుపుకి ముందున్నాం, ఆ దీపం మళ్ళీ వెలిగింది. నీ బండి తీసుకుని రాగలవా? పిల్లల్ని మార్చాలి.”

“నేనెక్కడున్నానో తెలుసా అక్కా? సగం ఇటుకలు పైనే ఉన్నాయి. దించి వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. ఈ ఎండలో అంతసేపు బండి ఆపితే ఇంకేముంది!” తర్వాత, ఈసారి ఎగతాళి లేకుండా అన్నాడు. “బావా, మలుపు తిరక్కు. తిన్నగా హైవేమీద పో. తొక్కు. నీ పుణ్యముంటుంది, ఒక్క అరగంట తొక్కు.”

ఆవిడ ఫోను పెట్టేసింది. మలుపు దగ్గరపడుతోంది.

“కాళ్ళు పోతాయే వాటికి,” అన్నాడాయన. “అరవై దాటితే ఒకదానిమీద ఒకటి పడతాయి.”

“ఏం పోవు.”

“నీకు తెలీదు.”

“నాకు తెలీదా?” ఆవిడ ఆయనవైపు తిరిగింది. “మా గదిలో పిల్లలు పై బెల్టు నుంచి కింది బెల్టుకి ఎలా వస్తాయనుకున్నారు? జారుడు రేకుమీంచి దబదబా పడతాయి. ఒకదానిమీద ఒకటి. గోతాం విప్పి బంగాళాదుంపలు కుమ్మరించినట్టు. నేను గుప్పెట్లో రెండేసి పట్టుకుని పెట్టెలోకి విసురుతాను. నిమిషానికి ఎన్నో నాకే తెలీదు. ఒక్కదానికీ ఏమీ కాదు. లేచి దులుపుకుని నిలబడతాయి.”

ఆయన వెనక గూటివైపు ఒకసారి తల తిప్పి చూశాడు.

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదు.” తర్వాత, కిటికీలోంచి బయటికి చూస్తూ, “రోజూ ఇంటికొచ్చి, ఈరోజు కూడా ఒక్కదాన్నీ కుదపలేదు అని అంత సంతోషంగా చెప్పేవారు. నేనేం చెప్పను?” అంది.

మలుపు వచ్చింది. ఆయన తిప్పలేదు.

హైవే ఖాళీగా, పొడవుగా ముందు పరుచుకుని ఉంది. యాభై దగ్గర కాలు అలవాటు ప్రకారం లేవబోయింది. ఆయన దాన్ని కిందికి నొక్కాడు, చంటిపిల్లాడికి మందు పట్టేటప్పుడు నొక్కిపట్టినట్టు. అరవై. డెబ్భై. బండి ముందు వణికింది, తర్వాత వణుకు మానేసి, ఇన్నాళ్ళూ దాచుకున్న గొంతుతో గట్టిగా రొద పెట్టింది. టీవీలో నవ్వుతూ నడిపినవాడు నవ్విందెందుకో నిదానానికి అప్పుడూ అర్థం కాలేదు. ఒక సైకిలాయన పలకరించబోయి నోరు తెరిచి అలాగే వెనకబడిపోయాడు.

ఎనభై దగ్గర వెనక కీచుకీచులు ఆగిపోయాయి.

ఒక్కసారిగా కాదు. కొన్ని గొంతులు తగ్గాయి, ఇంకొన్ని తగ్గాయి, ఆఖరికి ఒకటి రెండు మిగిలి, అవీ మానుకున్నాయి. ఇంజను రొద తప్ప ఏమీ లేదు.

“పోయాయి,” అన్నాడాయన. కాలు లేచింది.

ఆవిడ ఆయన మోకాలిమీద చెయ్యి వేసి అదిమింది. “దీపం ఇంకా వెలుగుతోంది.”

“పోయాయే! వినపడట్లేదా?”

“వినపడకపోతే పోయినట్టా? ఆపితే మాత్రం తప్పకుండా పోతాయి. పోనివ్వండి.”

“చూసి వద్దాం. ఒక్క నిమిషం.”

“వద్దన్నానా!”

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆయనమీద అంత గొంతు పెంచింది లేదు. బండి పోతూనే ఉంది. కింద నుంచి కాలిన ఇనుము వాసన వచ్చింది. ఆయన వెనక్కి వినడం మానలేదు, దీపంవైపు చూడటం మానలేదు. ఏ దేవుణ్ణి తలుచుకోవాలో తెలియక రోడ్డుపక్క రాళ్ళమీద అంకెలు చదువుకుంటూ పోయాడు. తన వెనక వేల ప్రాణాలు పడిపోయి ఉన్నాయనీ, తను వాటిని ఊరేగిస్తున్నాననీ ఆయనకు ఖాయమైపోయింది. అప్పుడు దీపం ఆరిపోయింది. చప్పుడేమీ లేదు, శుభాకాంక్షలేమీ లేవు. ఉన్నది లేకుండా పోయింది, అంతే.

అక్కడే కొండకు అవతలి వైపు నుంచి పైకెక్కే దారి తగిలింది, నిటారుగా ఉంటుందని ఇన్నాళ్ళూ ఆయన వదిలేసిన పొట్టి దారి. బండి తిప్పి, దాన్ని పట్టి, పైకి చేరాడు. బండి ఎక్కడా మొరాయించలేదు. అంత బాగా ఎక్కడం అది కొన్నప్పటినుంచీ లేదు. ఆయన దిగలేదు. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడే వెళ్ళి గూడు తలుపు తీసింది.

“ఇటు రండి.”

వెళ్ళాడు. ఆవిడ పై పెట్టె మూత ఎత్తి పట్టుకుంది. లోపల పసుపుపచ్చటి ముద్దలా, ఒకదాన్నొకటి ఆనుకుని, మెడలు వాల్చి, కళ్ళు మూసుకుని ఉన్నాయి. మూత తీసిన వెలుగుకు ఒకటి కన్ను తెరిచింది. చిరాగ్గా కీచుమంది. పక్కది లేచింది. ఆ పెట్టె లేచేసరికి కింది పెట్టె లేచింది, తర్వాత గూడు మొత్తం లేచి గోల మొదలుపెట్టింది.

“నిద్రపోయాయి,” అంది ఆవిడ. “ఉయ్యాల గట్టిగా ఊపితేనే కదా పిల్లలు పడుకునేది.”

ఆసామి వచ్చాడు. పెట్టెలు షెడ్డులోకి మోయించి, దీపాల కింద పరిచిన ఊకమీద ఒక్కో పెట్టె ఒంచించాడు. ఆవిడ దగ్గరుండి లెక్క చూసింది. పోయినవి లేవు. ఆసామి చేతులు దులుపుకుని ఆకాశంలోకి, ఎండవైపు చూశాడు.

“ఈరోజు ఎప్పుడూ లేనిది తొందరగా వచ్చారే! బాగుంది. ఎండ ముదరకముందే దించేశాం. ఇకమీదట ఇలాగే రండి.”

ఆ మాటే ఆయన హేచరీకి ఫోనులో కూడా చెప్పాడు. అటునుంచి మేనేజరమ్మ నిదానానికి చేసింది.

“చాలా సంతోషం నిదానం గారూ. రూటు మీదే. ఇంతకీ, ఇంత తొందరగా రాగలిగినవాళ్ళు ఇన్నాళ్ళూ అంతసేపు ఎందుకు తీసుకున్నారు?”

“బండి బాగుపడిందమ్మా,” అన్నాడు.

“మంచిది. అయితే ఇకనుంచి ఇదే టైం పెట్టేస్తున్నా.”

ఫోను జేబులో పెట్టుకుని ఆయన షెడ్డు తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపల పిల్లలు అప్పుడే నీళ్ళ గిన్నెల చుట్టూ మూగి, ముక్కులు ముంచి, మొహాలు పైకెత్తి గుటకలు వేస్తున్నాయి. ఒకదానిమీదుగా ఒకటి ఎక్కుతున్నాయి, పడుతున్నాయి, లేస్తున్నాయి. ఆయన కిందికి వంగి వాటి కాళ్ళవంక చూడసాగాడు. ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు.

వెనక నుంచి భార్య పిలిచింది. “పదండి, పోదాం. ఎండెక్కుతోంది.”

“ఉండు.”

“ఇంకేం చూస్తారు? అన్నీ బాగానే ఉన్నాయిగా.”

“అదే చూస్తున్నాను,” అన్నాడాయన, లేవకుండా.